ప్రతులకు...

మీ దగ్గరున్న తెలుగు పుస్తకం ఏదైనా తీసి అట్ట తిప్పండి. పేరు పేజీ వెనక వైపు ఎవరూ చదవని పేజీ ఒకటి ఉంటుంది. ఏ సంవత్సరంలో అచ్చయింది, ఎన్ని కాపీలు వేశారు, హక్కులు ఎవరివి, వెల ఎంత, ముద్రించింది ఎవరు, చివర్లో "ప్రతులకు" అని ఒక చిరునామా. ఈ మధ్య నాకు అసలు పుస్తకం కంటే ముందు ఆ పేజీ చదవడం అలవాటైంది. న్యూజెర్సీలో కూర్చుని పాత తెలుగు పుస్తకాలు చదవాలంటే స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే దిక్కు కదా! అవి తిరగేస్తూ పోతుంటే ఆ ఒక్క పేజీలోనే మన సాహిత్య చరిత్ర ఇంకొకటి దాగి ఉందనిపించింది. రచయితకీ పాఠకుడికీ మధ్య ఎవరు నిలబడ్డారు, ముందుగా డబ్బు ఎవరు పెట్టారు, పెట్టినందుకు వాళ్ళకి ఏం దక్కింది అన్న చరిత్ర.

తెలుగులో పాఠకులు తగ్గిపోయారని రచయితలు, మంచి పుస్తకాలు రావడం లేదని పాఠకులు, అమ్ముడుపోవడం లేదని ప్రచురణకర్తలు అనడం మనం రోజూ వింటున్నదే. ముగ్గురి మాటా నిజమే కావచ్చు. కానీ నాకు కనబడుతున్న లెక్క వేరు. తెలుగు పుస్తకానికి ముందుగా డబ్బు పెట్టినవాడు మారినప్పుడల్లా ఈ ముగ్గురి మధ్య దూరం మారింది. పాఠకుడే ముందు డబ్బు కట్టిన రోజుల్లో ఆ దూరం తక్కువగా ఉంది. ఇంకెవరో కట్టిన రోజుల్లో పెరిగింది. ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా సాక్ష్యం.

కృతిపతి

అచ్చు రాకముందు ప్రచురణకర్త లేడు, కృతిపతి ఉన్నాడు. నన్నయకు రాజరాజనరేంద్రుడు, పెద్దనకు కృష్ణదేవరాయలు. రాజులే కానక్కర్లేదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది అవచి తిప్పయ్యశెట్టి అనే వర్తకుడికి. కేతన దశకుమార చరిత్రను సాటి కవి తిక్కనకే ఇచ్చాడు. పోతన అయితే నరులెవరూ వద్దనుకుని భాగవతాన్ని రాముడికి ఇచ్చాడు.

ఈ ఏర్పాటులో డబ్బు పెట్టేవాడికి దక్కేది స్పష్టం. పుస్తకం మొదట్లో అతని వంశవర్ణన, ఆశ్వాసం మొదటా చివరా అతన్ని సంబోధిస్తూ పద్యాలు. కావ్యం బతికినంత కాలం అతని పేరూ బతుకుతుంది. తిప్పయ్యశెట్టి ఏయే సరుకులు ఓడల్లో తెప్పించాడో మనకి ఈరోజుకీ తెలుసు. అతను పెట్టిన ఖర్చు వృథా కాలేదన్నమాట! మరి పాఠకుడు? అతని పేరు ఎక్కడా ఉండదు. సభలోనో గుడిలోనో కూర్చుని విన్నవాడు శ్రోత. తాటాకుల మీద ఎత్తి రాసుకున్నవాడు లేఖకుడు. కావ్యం చేతులు మారి బతకడానికి వాళ్ళే కారణం. కానీ కవి పని వాళ్ళతో కాదు, కృతిపతితో.

ఇది తక్కువ చేసి చెప్పాల్సిన వ్యవస్థ కాదు. ఎనిమిది వందల ఏళ్ళు మన సాహిత్యాన్ని నడిపింది అదే. అచ్చు వచ్చాక కూడా ఒక్కసారిగా పోలేదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కం మొదటి కూర్పు విజయనగరం మహారాజు ఆనందగజపతికి అంకితం. ఆధునిక సాహిత్యానికి గడప అని మనం చెప్పుకునే పుస్తకానికి కూడా కృతిపతి ఉన్నాడు.

అచ్చాఫీసు

ఇక అచ్చు సంగతి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ని మనం నిఘంటువు రాసిన దొరగా గుర్తుపెట్టుకుంటాం. నాకు ఆయన జబ్బుపడినంతగా పుస్తకాల పిచ్చి పట్టిన పాఠకుడిగా కనిపిస్తాడు. కడపలో సొంత జీతం ఇచ్చి పండితుల్ని పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. అప్పులపాలయ్యాడు కూడా. 1829లో ఆయన అచ్చువేయించిన వేమన పద్యాలు గానీ, 1852 నాటి నిఘంటువు గానీ ఒక మనిషి చదవాలన్న కోరిక నుంచి వచ్చినవి. రచయితకు చదివేవాడి అవసరం ఎంతో, పుస్తకానికి ఇలా వెంటపడేవాడి అవసరమూ అంతే.

1854లో మద్రాసులో వావిళ్ళ రామస్వామిశాస్త్రులుగారు అచ్చాఫీసు పెట్టారు. తర్వాత కొడుకు వెంకటేశ్వరశాస్త్రులుగారి చేతిలో అది తెలుగు, సంస్కృత గ్రంథాలకు పెద్ద నిలయమైంది. "వావిళ్ళవారి ప్రతి" అంటే పాఠం నమ్మవచ్చని అర్థం. ఇక్కడొక కొత్త సంగతి గమనించండి. పుస్తకం కొనేవాడు కవి పేరుతో పాటు అచ్చువేసినవారి పేరు కూడా చూడడం మొదలుపెట్టాడు. ప్రచురణకర్త అనేవాడికి పరువు అంటూ ఒకటి ఏర్పడింది. దాన్ని కాపాడుకోవలసిన బాధ్యత కూడా మీద పడింది.

అదే రోజుల్లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు ఇంకో దారి పట్టారు. 1874లో వివేకవర్ధని పెట్టినప్పుడు దాన్ని మద్రాసులో అచ్చువేయించి తెప్పించుకోవలసి వచ్చేది. ఆ బాధ పడలేక రాజమండ్రిలోనే అచ్చుకూటం పెట్టుకున్నారు. రాజశేఖర చరిత్రము 1878 నుంచి ఆ పత్రికలోనే వచ్చి, 1880లో పుస్తకమైంది. రాసేదీ ఆయనే, అచ్చువేసేదీ ఆయనే, ఎవరికి పంపాలో తెలిసినదీ ఆయనకే. పత్రికకు చందాదారులు ఉంటారు కాబట్టి, తెలుగులో నవల చదవడం అలవాటు కాని రోజుల్లో కూడా ఆ నవల వాళ్ళ ఇళ్ళకి నడిచి వెళ్ళింది. ఇక్కడ మొదటిసారి డబ్బు పాఠకుడి జేబులోంచి, పుస్తకం కంటే ముందే వచ్చింది.

ఒక పాఠకురాలు, ఒక ప్రచురణకర్త

పాఠకులకూ ప్రచురణకర్తకూ మధ్య నమ్మకం ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. 1887లో అది అచ్చయింది గానీ అందులో కొన్ని భాగాలు వదిలేశారు. వీరేశలింగంగారు కవుల చరిత్రలో ఆ కావ్యాన్ని, రాసిన ఆమెనూ చులకన చేశారు.

బెంగుళూరు నాగరత్నమ్మ ఆ అచ్చుపుస్తకం చదివింది. తృప్తి కలగలేదు. వ్రాతప్రతి సంపాదించి పోల్చి చూసుకుంది. అచ్చులో ఏమేం పోయాయో ఆమెకు అప్పుడు తెలిసింది. పోయినవన్నీ చేర్చి, పరిష్కరించి 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చువేయించింది. ముందుమాటలో వీరేశలింగంగారికి నేరుగానే జవాబు చెప్పింది. మగకవులు రాస్తే శృంగారం, ఆడది రాస్తే అశ్లీలం ఎలా అయిందన్నది ఆమె ప్రశ్న సారాంశం.

1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. వావిళ్ళవారికి ఉన్న పెద్ద జాబితాలో అది ఒక చిన్న పుస్తకం. పోనీ అని వదిలేసి ఉండవచ్చు. వదల్లేదు. పండితుల చేత అర్జీలు పెట్టించారు, 1927లో మళ్ళీ సోదాలు జరిగినా వెనక్కి తగ్గలేదు. చివరికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి చలవతో 1947లో నిషేధం పోయింది. 1952లో వావిళ్ళవారే మళ్ళీ అచ్చువేశారు.

రచయిత్రి చనిపోయి వందేళ్ళు దాటాక, ఒక పాఠకురాలు ఆమె తరఫున వాదించింది. ఒక ప్రచురణకర్త నలభై ఏళ్ళు ఆ పాఠకురాలి వెనక నిలబడ్డాడు. ఈ ముగ్గురి సంబంధం గురించి ఇంతకంటే మంచి కథ తెలుగులో ఇంకొకటి ఉందని నేననుకోను.

చందాదారు

1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులు కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపించారు. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి వంటివారు తోడు నిలిచారు. మొదటి పుస్తకం 1907లో హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకన్ చరిత్ర. 1908లో మండలి మద్రాసుకు మారింది.

తర్వాత వాళ్ళు వేసిన పుస్తకాల జాబితా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఉంది, చారిత్రక నవలలు ఉన్నాయి. వాటి పక్కనే జీవశాస్త్రం, పదార్థవిజ్ఞానం, రసాయనశాస్త్రం, కలరా, మలేరియా. 1910 ప్రాంతంలో తెలుగులో రసాయనశాస్త్రం పుస్తకం వేస్తే కొనేదెవరు? దుకాణంలో పెట్టి అమ్ముకోవాలంటే ఏ వ్యాపారీ సాహసించడు. ఆ సాహసం వెనక కిటుకు గ్రంథమాల అనే పద్ధతిలో ఉంది. చందాదారు కొనేది ఒక పుస్తకాన్ని కాదు, వరసని. నవల కోసం చందా కట్టినవాడి ఇంటికి పోస్టులో మలేరియా పుస్తకమూ వస్తుంది. చరిత్ర కోసం కట్టినవాడికి జీవశాస్త్రమూ వస్తుంది. డబ్బు ముందే వచ్చింది, చిరునామాలు దగ్గరున్నాయి, కాబట్టి ప్రచురణకర్త "ఇది అమ్ముడుపోతుందా?" అని కాకుండా "వీళ్ళు ఏం చదవాలి?" అని ఆలోచించగలిగాడు. రచయితకూ ధైర్యం వచ్చింది. తాను రాసేది ఎవరి చేతికి చేరుతుందో అతనికి తెలుసు.

ఆంధ్ర ప్రచారిణి గ్రంథమాల దగ్గర్నుంచి ఊరూరా ఎన్నో మాలలు ఈ దారిలో నడిచాయి. బెంగాలీ నవలలు మన ఆడవాళ్ళ చేతుల్లోకి వచ్చింది ఇలాగే. ఈ గ్రంథమాలలకు రెండో ఊపిరి గ్రంథాలయాలు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904 నాటిది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమం భుజాన వేసుకున్నారు. 1935లో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ఊళ్ళో నలుగురు చేరి చందాలు వేసుకుని పెట్టుకున్న గది అది. అక్కడికి ఏ పుస్తకం రావాలో ఆ నలుగురే తేల్చుకునేవారు.

తలనొప్పి మందు, భుజం మీద మూట

చందా ఒక్కటే అన్ని ఖర్చులూ మోయలేదు. ఇక్కడే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు వస్తారు. బొంబాయిలో 1893లో ఆయన మొదలుపెట్టిన అమృతాంజనం ఇంటింటి మందయింది. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల. దేశం తలనొప్పి తెలుగు సాహిత్యానికి పెట్టుబడి అయిందని సరదాగా అనుకోవచ్చు. కృతిపతికీ పంతులుగారికీ తేడా ఏమిటంటే, ఆయన డబ్బుపెట్టి పద్యాలు రాయించుకోలేదు, తక్కువ వెలకు పుస్తకం పాఠకుడికి చేర్చాడు. భారతిలో తన కథ పడిందంటే రచయితకు పట్టా పుచ్చుకున్నట్టుండేది. డబ్బు ఎక్కడినుంచి వచ్చినా ఆయన లెక్క చివర పాఠకుడే ఉన్నాడు.

నిజాం రాజ్యంలో పరిస్థితి ఇంకా కష్టం. బడుల్లో తెలుగు లేదు, సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావాలి. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు, తెలంగాణాలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు! వాళ్ళంతా ఎక్కడినుంచి వచ్చారు? పత్రికలో ప్రకటన చూసి పద్యాలు పంపినవాళ్ళు, తమ ఊరి కవి గురించి రాసి పంపినవాళ్ళు. ప్రచురణకర్త పిలిస్తే పాఠకుడే రచయితగా లేచి నిలబడ్డాడు.

ఆ గోలకొండ పత్రికలోనే ప్రూఫులు దిద్దిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. దేశోద్ధారక అన్నది నాగేశ్వరరావు పంతులుగారి బిరుదు. పంతులుగారు పోయింది ఆ ఏడాదే. ఆళ్వారుస్వామి దగ్గర అమృతాంజనం లేదు. ఇళ్ళల్లో వంట చేసి, హోటల్లో సర్వరుగా ఉండి చదువుకున్న మనిషి. వేసిన పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ముప్పైకి పైగా పుస్తకాలు అలా వెళ్ళాయి. జైలుకూ వెళ్ళాడు, ప్రజల మనిషి లాంటి నవలా రాశాడు. రచయిత, ప్రచురణకర్త, అమ్మకందారు ముగ్గురూ ఒకే ఒంట్లో ఉన్నారు. ఇప్పటి స్వీయప్రచురణతో పోల్చి చూడాలనిపిస్తుంది గానీ ఒక పెద్ద తేడా ఉంది. ఆయన గుమ్మం ముందు నిలబడి పాఠకుడి మొహం చూశాడు.

సీరియల్ రోజులు

ప్రచురణకర్త లేకపోయినా పాఠకులు ఉండడం సాధ్యమే. శ్రీశ్రీ మహాప్రస్థానం దానికి రుజువు. చలంగారి యోగ్యతాపత్రం 1940 నాటిది. పుస్తకం అచ్చయింది 1950లో. మధ్యలో పదేళ్ళు ఆ గీతాలు పత్రికల్లోంచి ఎత్తి రాసుకున్న నోటుపుస్తకాల్లో, కుర్రాళ్ళ నోళ్ళలో బతికాయి. పుస్తకం వచ్చేనాటికే దానికి ఒక తరం పాఠకులు సిద్ధంగా ఉన్నారు. 1953లో మొదలైన విశాలాంధ్ర వంటి సంస్థ తర్వాత దాన్ని మళ్ళీ మళ్ళీ అచ్చువేసి, పుస్తకాల వ్యానులో ఊళ్ళకు పంపింది.

అరవైల నుంచి ఎనభైల దాకా నడిచింది వారపత్రికల రాజ్యం. ఇక్కడ పాఠకుడు వారం వారం డబ్బు కట్టాడు. జ్యోతి మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ', ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి 'తులసిదళం' అలా వచ్చినవే. సీరియల్ నచ్చకపోతే వచ్చేవారం ఉత్తరాల శీర్షికలో తెలిసిపోయేది. నచ్చితే సర్క్యులేషన్‌లో తెలిసేది. ఎమెస్కోవారు పాకెట్ బుక్కులు తెచ్చి, 'ఇంటింటా సొంత గ్రంథాలయం' అని సభ్యుల్ని చేర్చుకున్నారు. ఇది పాత చందాదారు పద్ధతే, కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. బస్టాండు పక్కన అద్దె లైబ్రరీలు ఉండేవి. కాలికో బైండు, మధ్యలో ఊడిపోయిన పేజీలు, అట్ట లోపల తేదీలు వేసిన కాగితం. అద్దె డబ్బుల్లో రచయితకు పైసా రాదు. కానీ చదివే అలవాటు అక్కడ తయారైంది. మా అమ్మా పిన్నులూ చదువరులైంది కాలేజీలో కాదు, ఆ అద్దె దుకాణంలోనే.

ఆ సాహిత్యంలో మంచీ చెడూ గురించి విమర్శకులు చాలా రాశారు. నేను చెప్పేది ఒక్కటే. రాసి బతకగలిగిన తెలుగు రచయితలంటూ ఉన్నది ఆ రోజుల్లోనే. ఎందుకంటే డబ్బు పాఠకుడి దగ్గర్నుంచి నేరుగా వచ్చింది. టీవీ వచ్చి సీరియల్‌ని పత్రిక లోంచి పెట్టెలోకి తీసుకుపోయినప్పుడు ఆ పాఠకుడు కూడా దాని వెంట వెళ్ళాడు.

ఎనిమిది పైసలు

ఇంకో మార్పు చప్పుడు లేకుండా జరిగింది. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. గ్రంథాలయోద్యమం దశాబ్దాలుగా కోరుకున్నదే అది. మంచి చట్టం. దానివల్ల చిన్న ఊళ్ళలో కూడా చదువుకునే గది దొరికింది. 1972లో రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ వచ్చాక కేంద్రం డబ్బూ తోడైంది.

అయితే దాంతోపాటు ప్రచురణకర్తకు కొత్త కొనుగోలుదారు పుట్టాడు. పాఠకుడి కోసం పుస్తకం వేయక్కర్లేదు, గ్రంథాలయాల కొనుగోలు జాబితాలో ఎక్కితే చాలు. ఎంపిక చేసేది ఒక కమిటీ. డబ్బు కట్టేది ఇంటిపన్ను కట్టే మనిషి. తాను తెలుగు పుస్తకాలు కొంటున్నానన్న సంగతి అతనికే తెలియదు! చందాదారు పేరు, చిరునామా తెలిసిన ప్రచురణకర్త ఉండేవాడు. ఇప్పుడు పాఠకుడు ఉన్నాడు, డబ్బూ అతనిదే, కానీ అతనెవరో ఎవరికీ తెలియదు. కొనుగోళ్ళు ఆగిన ఏడాది ప్రచురణకర్త చేతులు ఎత్తేయడానికి కారణం ఇదే. మధ్యలో ఉన్న తాడు ఎప్పుడో తెగిపోయింది.

అందరూ ఈ దారిలో వెళ్ళలేదు. 1980లో సి.కె. నారాయణరెడ్డిగారు మొదలుపెట్టిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్, సహవాసి అనువదించిన 'ఏడు తరాలు' లాంటి పుస్తకాన్ని తక్కువ వెలకు నేరుగా జనం చేతిలో పెట్టింది. ఒక నల్లజాతి అమెరికన్ కుటుంబం కథ కరీంనగర్‌లో, కర్నూల్లో చదివారు. నిజం చెప్పాలంటే నేను అమెరికా గురించి మొట్టమొదట చదివింది ఆ పుస్తకంలోనే.

మళ్ళీ కృతిపతి

ఇప్పటి పుస్తకాల రెండో పేజీకి వద్దాం. "ప్రచురణ: రచయిత. ప్రతులు: 500. ప్రతులకు: రచయిత" అని, కింద ఒక సెల్‌ఫోన్ నంబరు. కవి తన డబ్బుతో తానే అచ్చువేసుకుని, ఆవిష్కరణ సభలో వందా, పోస్టులో రెండు వందలూ పంచిపెట్టి, మిగతావి అటక మీద పెడతాడు. ఇంటికి వచ్చిన ఒక కథారచయిత నాతో ఒక మాట అన్నారు. "పుస్తకం ఇచ్చినవాళ్ళెవరినీ చదివారా అని అడగనండీ. ఊరికే ఇచ్చాక అడిగే హక్కు ఉండదు కదా." నవ్వుతూనే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు. ఊరికే వచ్చిన పుస్తకం అలమారలో చేరుతుంది. డబ్బు పెట్టి కొన్నది, కనీసం డబ్బు దండగయిందో లేదో చూసుకోవడానికైనా తెరుస్తాం.

మరి దేశం బయట ఉన్న మన సంగతి? మనవాళ్ళు చేసిన మంచి పనులు తక్కువేం కాదు. లండన్‌లో గూటాల కృష్ణమూర్తిగారు 1981లో మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ చేతిరాతలోనే, ఆయన గొంతు క్యాసెట్టుతో సహా తెచ్చారు. ఇండియాలో ఎవరికీ తట్టని పని అది. హ్యూస్టన్‌లో 1994లో మొదలైన వంగూరి ఫౌండేషన్ ఇక్కడి తెలుగువాళ్ళ కథల్ని పుస్తకాలుగా వేసింది. ఇలాంటివారు లేకపోతే ఇక్కడ రాసినది ఇక్కడే ఇంకిపోయేది.

కానీ సాధారణంగా మనం పోషిస్తున్న పాత్ర వేరు. ఇండియా నుంచి రచయిత వస్తాడు. ఇంట్లో దింపుకుంటాం, భోజనం పెడతాం, నయాగరా చూపిస్తాం. సూట్‌కేసు 23 కిలోల లెక్కలో ఆవకాయ తగ్గించుకుని మరీ ఆయన తెచ్చిన పుస్తకాలు సంతకం పెట్టించుకుని ఊరికే తీసుకుంటాం. డబ్బివ్వబోతే ఆయన మొహమాటపడతాడు, మనం అంతకంటే తొందరగా పర్సు జేబులో పెట్టేస్తాం. ఆ తర్వాత కొత్త పుస్తకం అచ్చుకు కొన్ని వందల డాలర్లు పంపుతాం. పుస్తకం వస్తుంది. మొదటి పేజీలో మన ఫోటో, అమ్మానాన్నల పేర్లు, మన ఔదార్యం గురించి ఒక పేరా.

ఇది ఎక్కడో చదివినట్టు లేదూ? వంశవర్ణన, కృతిపతి ప్రశంస! రెడ్డిరాజుల కాలం నుంచి నేరుగా మన గదిలోకి వచ్చి కూర్చుంది. అవచి తిప్పయ్యశెట్టి కూడా సముద్రాల మీద వ్యాపారం చేసినవాడే మరి.

దాతల్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. పెద్ద నిఘంటువో, సమగ్ర సంపుటాలో రావాలంటే ఎవరో ఒకరు పెద్ద మనసు చేసుకోవలసిందే. కానీ కథల పుస్తకానికీ నవలకీ కావలసింది ఒక్కడిచ్చే వెయ్యి డాలర్లు కాదు, వంద మంది తలా పది డాలర్లు ఇవ్వడం. మొత్తం ఒకటే. మొదటి దాంట్లో రచయితకు ఒక దాత దొరుకుతాడు. రెండో దాంట్లో వంద మంది పాఠకులు దొరుకుతారు. దాత పుస్తకం బాగుందనే అంటాడు, తన పేరుంది కాబట్టి. డబ్బు పెట్టి కొన్న పాఠకుడు బాగోలేదని అనగలడు. ఆ మాట వినబడని చోట రచయిత ఎదగడు. మన కవిత్వ పుస్తకాల్లో ఇన్ని ముందుమాటలు, ఇంత తక్కువ విమర్శ ఉండడానికి కారణం ఇదేనని నాకు గట్టి అనుమానం.

ఆశ పెట్టుకోవలసిన సంగతి కూడా ఉంది. కొన్నేళ్ళుగా హైదరాబాదులో, విజయవాడలో కొత్తగా వచ్చిన చిన్న ప్రచురణ సంస్థలు అచ్చుకు ముందే ఆర్డర్లు తీసుకుంటున్నాయి. కావలసినన్ని కాపీలే వేసే డిజిటల్ ముద్రణ వచ్చింది కాబట్టి అటక అవసరం లేదు. పాతికేళ్ళ పిల్లలు డబ్బు కట్టి, పుస్తకం కోసం ఎదురుచూసి, వచ్చాక నచ్చిందో లేదో మొహమాటం లేకుండా రాస్తున్నారు. దీన్ని ప్రీ-ఆర్డర్ అంటున్నారు గానీ లక్ష్మణరావుగారు చూస్తే చందా అనే అనేవారు. ఈబుక్కులకీ వినే పుస్తకాలకీ ఇక్కడినుంచే డబ్బు కట్టే వీలుంది. ఓడ ఖర్చు, విమానం బరువు అన్న సాకులు కూడా పోయాయి.

మా ఊళ్ళో నెలకోసారి కలిసే పదకొండు మంది చదువరులం ఈ ఏడాది ఒక నియమం పెట్టుకున్నాం. ఏడాదికి ఆరు కొత్త తెలుగు పుస్తకాలు, ఎవరి కాపీ వాళ్ళు డబ్బు పెట్టి కొనాలి. ఊరికే ఇస్తే తీసుకోకూడదు. చదివాక రచయితకు ఒక ఉత్తరం రాయాలి, పొగడ్తే కానక్కర్లేదు. మూడు పుస్తకాలు అయ్యాయి. మూడో పుస్తకం రచయిత్రి మా ఉత్తరాలకు జవాబు రాస్తూ, రెండో ముద్రణలో ఒక కథ ముగింపు మళ్ళీ చూసుకుంటానన్నారు. పదకొండు మందిలో ఏడుగురు ఆ ముగింపు మార్చొద్దని ఇప్పుడు ఆవిడతో వాదిస్తున్నారు.